గట్ మాస్టరు

“ఆరు టీలు! ఒకదాంట్లో పంచదార వద్దు!”

తెర అవతలి నుంచి భర్త కేకేశాడు. కోపంతో వేసిన కేక కాదు. ఆయన ఇంట్లో ఏం కావాలన్నా అలాగే, ఫలానా మనిషికి అని లేకుండా గాల్లోకి చెబుతాడు. ఆమె రాకెట్టు తీగకి ఆఖరి ముడి వేసి, కొస కత్తిరించి, రాకెట్టుని బిగించే మెషీన్ మీద నుంచి తీసి గోటితో ఒకసారి మీటింది. టంగుమంది. ఆ శబ్దం చాలు, బిగువు సరిపోయిందని తెలుస్తుంది. అప్పుడు లేచి వెనక మెట్లెక్కి వంటింట్లోకి వెళ్లింది.

కింద షాపు, పైన ఇల్లు, ఎదురుగా ఇండోర్ స్టేడియం. అక్కడ బ్యాడ్మింటన్ ఆడేవాళ్లు, ఒకప్పుడు ఆడి మానేసినవాళ్లు, జన్మలో ఆడకపోయినా అంతా తెలిసినవాళ్లు సాయంత్రమయ్యేసరికి ఈ షాపులో చేరతారు. టీవీ ఉంది, కుర్చీలున్నాయి, అడక్కుండా టీ వస్తుంది, ఇంకేం కావాలి! రాకెట్టుకి తీగలు బిగించడాన్ని ఆటగాళ్లు గట్ వేయడం అంటారు. అందుకే ఆమె భర్తకి గట్ మాస్టరు అని పేరు వచ్చింది. ఆయనలా గట్ వేసేవాడు చుట్టుపక్కల లేడని చెప్పుకుంటారు. ఆ గట్ వేసేది ఆమె.

పని నేర్పింది మామగారు. అసలు మాస్టరు ఆయనే. చేతులు వణకడం మొదలయ్యాక కొడుకుని కూర్చోబెట్టి చూశాడు. కొడుక్కి అరగంట ఒక చోట కూర్చునే ఓపిక లేదు. కొత్తగా వచ్చిన కోడలు మాత్రం టీ గ్లాసు ఇచ్చి వెళ్లకుండా ఆయన వేళ్లనే చూస్తూ నిలబడేది. “చూడ్డం కాదమ్మా, పట్టుకో,” అన్నాడు ఒకరోజు. రెండు నెలల్లో ఆమె పట్టేసింది. ఆయన ఉన్నన్నాళ్లు మెషీన్ షాపు మధ్యలో, అందరికీ కనిపించేలా ఉండేది; ఆమె జనం లేని పూట వేసేది. ఆయన పోయిన నెలకి అత్తగారు ఒక పాత దుప్పటి చింపి తెర కట్టింది. “వచ్చేవాళ్లంతా మగాళ్లు. పైగా ఆడది వేసిందని తెలిస్తే రాకెట్టు ఇస్తారా ఎవరైనా?” అంది. భర్త తెరకి మేకులు కొట్టాడు. అప్పటి నుంచి పదహారేళ్లు.

తెర వెనక కూర్చునే ఆమె ఊళ్లో ఆటంతా చదివేసింది. గట్ ఎక్కడ తెగిందో చూస్తే చాలు, ఆ మనిషి సంగతి తెలిసిపోతుంది. పళ్ల డాక్టరుకి ఎప్పుడూ కింది అంచు దగ్గర తెగుతుంది. కాళ్లు కదపడు, వంగి కొడతాడు. రిటైర్డు లెక్చరరు రాకెట్టు తెగనే తెగదు, పాతబడి వదులవుతుంది. ఆయన కొట్టేదానికన్నా చెప్పేది ఎక్కువ. ఇన్సూరెన్సు ఏజెంటుని అందరూ స్మాష్ అని పిలుస్తారు. ఆయన గట్ నెలకోసారి ఫ్రేముని ఆనుకుని తెగుతుంది. బలం ఉంది, గురి లేదు. వాళ్లు టీవీ ముందు గంటలు గంటలు మాట్లాడుకునే మాటల్లో చాలావరకు తప్పని ఆమెకు తెలుసు. ఒక్కోసారి నాలుక చివరిదాకా వచ్చేది. ఒకసారి, పెళ్లయిన కొత్తల్లో, టీలు ఇస్తూ టీవీలో ఆట చూసి “ఆ అమ్మాయి కుడికాలు ఆలస్యంగా వేస్తోందండీ,” అనేసింది. అందరూ మర్యాదగా నవ్వి, మళ్లీ టీవీ వైపు తిరిగారు. పైకి వచ్చాక భర్త, “టీ ఇచ్చామా, వచ్చామా. నీకెందుకు ఆ గొడవ?” అన్నాడు. ఆ తర్వాత ఆమె నోరు విప్పలేదు.

తెర వెనక్కి వచ్చే మనిషి ఒక్కతే. తొమ్మిదేళ్లప్పుడు తనకన్నా పెద్ద సంచీ భుజానేసుకుని వచ్చిన సన్నటి పిల్ల. పిచ్చుక అని ఆమే పేరు పెట్టింది. గట్ ఎవరు వేస్తారో చూడాలని ఆ పిల్ల దుప్పటి కింద నుంచి పాకి వచ్చేసింది. “ఓ, నువ్వా!” అంది, ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు ఆ పిచ్చుక దేశం టీములో మూడో సింగిల్స్ ఆడుతోంది. అమ్మాయిల టీముల ప్రపంచ పోటీకి వెళ్లే ముందు ఐదు రాకెట్లు తెచ్చి మెషీన్ పక్కన నేల మీద కూర్చుంది.

“అక్కా, ఈసారి బిగువు ఇరవై నాలుగు పౌండ్లే వెయ్యి.”

ఆమె చేతులు ఆగిపోయాయి. “నీది ఇరవై ఎనిమిది కదే. ఏమైంది?”

గట్ వదులుగా ఉంటే తక్కువ బలంతో కొట్టినా షటిల్ దూరం పోతుంది. అంటే చేతిలో బలం లేదన్నమాట. పిచ్చుక తెర వైపు చూసి గొంతు తగ్గించింది.

“భుజం పైకి లేవట్లేదక్కా. నెల నుంచి జడ కూడా అమ్మే వేస్తోంది.”

“డాక్టరుకి చూపించలేదూ?”

“చూపిస్తే కాగితం మీద రాస్తాడు. రాస్తే టీములోంచి తీసేస్తారు. ఈ చోటుకి ఆరేళ్లు పట్టింది. నీకు దండం పెడతా, ఎవరికీ చెప్పకు.”

“నేనెవరికి చెబుతాను? నన్నెవరు అడుగుతారు?” అని ఆమె నవ్వింది. నవ్వాక ఆ మాట ఎంత నిజమో తట్టింది.

ఆ నెలంతా భర్త షాపులో ఛాతీ విరుచుకుని తిరిగాడు. “మన గట్ ప్రపంచ పోటీకి వెళ్తోందండీ! ఆ పిల్ల చిన్నప్పటి నుంచి నా చేతి గట్ తప్ప వాడదు.” ఆమె తెర వెనక వింటూనే ఉంది. అలవాటైన మాటలే.

సెమీఫైనల్ ఆదివారం మధ్యాహ్నం వచ్చింది. షాపులో కుర్చీలు చాలక కొందరు నిలబడ్డారు. నాలుగు ఆటలు అయ్యేసరికి రెండు మనవి, రెండు వాళ్లవి. ఐదోది పిచ్చుకది. ఆమె టీ కప్పులు తీసే నెపంతో తెర పక్కన నిలబడింది. మొదటి గేమ్ పిచ్చుక గెలిచింది, రెండోది పోయింది. మూడోదాంట్లో పద్దెనిమిది, పద్దెనిమిది. పిచ్చుక ఎగిరి కొట్టింది. ఠప్పుమని గట్ తెగింది. కెమెరా దగ్గరగా చూపించింది. పైన, కుడి మూల. పిచ్చుక గట్ ఎప్పుడూ నట్టనడుమ తెగేది. పై మూల తెగిందంటే చెయ్యి సమయానికి లేవలేదన్నమాట. పిల్ల పైకి లేవని చేత్తోనే ఆడుతోంది. రాకెట్టు మార్చుకుంది. వరసగా మూడు పాయింట్లు పోయాయి. అయిపోయింది.

షాపులో ఒక్కసారిగా గోల లేచింది. “పెళ్లి సంబంధాలు చూస్తున్నారట. ఇంక ఆట మీద ధ్యాసెక్కడిది?” అన్నాడు స్మాష్. “ఆడపిల్లలకి ఆఖరి నిమిషంలో గుండె నిలవదండీ, అది అంతే,” అన్నాడు పళ్ల డాక్టరు. లెక్చరరు గారు మాత్రం తల అడ్డంగా ఊపారు. “అన్యాయంగా మాట్లాడకండయ్యా. పద్దెనిమిది దగ్గర గట్ తెగితే ఏ పిల్లయినా ఏం చేస్తుంది?”

“అవునూ, గట్ మన మాస్టరుదే కదా!” అన్నాడు స్మాష్. అందరూ భర్త వైపు తిరిగారు. “నెల నుంచి మా చెవులు ఊదరగొట్టారు. దేశం పరువు తీసేశారుగా మాస్టారూ!”

నవ్వుతాలుకే అన్నాడు. కానీ భర్త మొహం పాలిపోయింది. కౌంటరు మీద చెయ్యి ఆనించి, అటూ ఇటూ చూసి, అన్నాడు.

“నేను వేసింది కాదండీ అది. ఆ వారం నాకు జ్వరం. మా ఆవిడ సరదా పడితే ఈ ఒక్కసారికి వెయ్యనిచ్చాను. నాదే బుద్ధి తక్కువ.” నమ్మరేమోనని తెర పక్కకి లాగాడు. “కావాలంటే అడగండి.”

పది జతల కళ్లు ఆమె మీద పడ్డాయి. చేతిలో ఎంగిలి కప్పులు.

“ఏమ్మా, నువ్వేనా వేసింది?” అన్నారు లెక్చరరు గారు, మెత్తగానే.

“అవునండీ,” అంది.

ఆ షాపులో ఆమెని ఎవరైనా ఆ ప్రశ్న అడగడం అదే మొదలు. ఆమె చెప్పింది నిజమే. ఆ నిజం భర్త అబద్ధానికి సాక్ష్యమైపోయింది. భుజం సంగతి ఒక్క మాట చెబితే చాలు, నింద తొలగిపోతుంది. జడ కూడా వేసుకోలేని పిల్ల మొహం కళ్ల ముందు మెదిలింది. పళ్లు బిగపట్టింది.

“పోనీలెండి, వంట చేసే చెయ్యి కదా, గట్‌ని కూడా మెత్తగా ఉడికించేసినట్టున్నారు,” అన్నాడు పళ్ల డాక్టరు. షాపంతా పగలబడి నవ్వింది. భర్త కూడా నవ్వాడు.

పైకి వచ్చాక ఆయన కాస్త ఇబ్బందిగానే అన్నాడు. “పరిస్థితి అలా వచ్చింది. నీకేం పోయింది చెప్పు? నువ్వేమైనా నలుగురిలో తిరిగేదానివా? నాది వ్యాపారం.” అత్తగారు అందుకుంది. “మొగుడి మీద పడే మాట నీ మీద పడితే అరిగిపోతావా ఏం?”

నిజంగా అరిగిపోయినట్టే ఉంది. తర్వాతి రోజుల్లో ఆమె మెషీన్ ముందు కూర్చుని వేసిన ముడినే మళ్లీ మళ్లీ చూసుకునేది. తీగ బిగిస్తూ ఉన్నట్టుండి ఆగిపోయి, నేనే తప్పు వేశానేమో అనుకునేది. ఇరవై నాలుగే వేశానా? ముడి సరిగా పడిందా? కాదని ఆమెకు తెలుసు. తెలిసినా, రోజుకి పదిసార్లు తెర అవతల అదే జోకు వినిపిస్తుంటే తెలిసిన సంగతి మీదే నమ్మకం పోతోంది. ఇన్నేళ్లూ పేరు ఆయనదే అయినా పని మాత్రం నాది అని ఒక మూల దాచుకుంది. ఇప్పుడు ఆ మూల కూడా ఖాళీ అయింది. బట్టలు ఆరేయడానికి మేడ మీదికి వెళ్లి, పిట్టగోడ పట్టుకుని కిందికి చూస్తూ, తను లేకపోతే వీళ్లకి ముందు గుర్తొచ్చేది టీ అనుకుంది. ఆ ఆలోచన ఎంతసేపు సాగిందో తెలియదు. తడి బట్టలు బకెట్‌లోనే ఎండిపోవచ్చాయి. అప్పుడు మోగింది ఫోను.

“అక్కా, నేను వచ్చేశా.” పిచ్చుక గొంతు జీరబోయి ఉంది. “నీ గట్ వల్లే ఓడామని మీ షాపులో అన్నారట. నేను చెప్పేస్తానక్కా, భుజం సంగతి.”

“నోర్ముయ్. నా మీద మాట పడితే పడనీ, నాకు పోయేదేముంది. నీ చోటు పోతుంది.”

అటు వైపు పిల్ల ఏడ్చింది. ఆమె ఏడవలేదు. ఎవరికో పనికొచ్చాను అన్న ఆ ఒక్క ఊరటతో బట్టలు మళ్లీ తడిపి ఆరేసింది.

ఆ ఊరట వారం కూడా నిలవలేదు. గురువారం సాయంత్రం పళ్ల డాక్టరు రాకెట్టుకి గట్ వేస్తుండగా తెర అవతల టీవీలో వార్త వచ్చింది. వైద్య పరీక్షలో భుజం గాయం బయటపడిందట, పిచ్చుకని టీములోంచి తప్పించారట.

“చూశారా! గాయం దాచిపెట్టి ఆడిందన్నమాట. ఎంత మోసం!” అన్నాడు స్మాష్.

“ముందే చెబితే ఎవరైనా కాదంటారా? చెప్పుకోవాలి కదా,” అన్నారు లెక్చరరు గారు.

ఆమె తీగ లాగడం ఆపేసింది. దేనికోసం అంత నింద మింగిందో అది కూడా దక్కలేదు. ఇప్పుడు తనకి ఫోను చేయడానికైనా ఆ పిల్లకి ఓపిక ఉంటుందా? మొన్న గట్‌ని ఉడికించిందన్నవాళ్లలో ఒక్కడైనా, పాపం ఆవిడ తప్పు లేదే అంటాడేమోనని చెవులు రిక్కించింది. చాలాసేపు ఎదురుచూసింది. చివరికి భర్త గొంతు వినపడింది, తేటగా, పాత ధీమాతో.

“నేనప్పుడే అనుకున్నానండీ, గట్‌లో లోపం ఉండే అవకాశమే లేదని. ఎంత జ్వరంలో ఉన్నా బిగువు నేనే చూసుకున్నాగా. మా ఆవిడది చేతి సాయమే. ఇరవై ఏళ్ల చెయ్యి అండీ ఇది!”

“మరే, మాస్టరు చెయ్యంటే మాటలా!” అన్నాడు పళ్ల డాక్టరు.

మెషీన్ మీద డాక్టరు రాకెట్టుకి నిలువు తీగలన్నీ పడ్డాయి, అడ్డ తీగలు పైన సగం పడ్డాయి. ఆ స్థితిలో ఫ్రేముని మెషీన్‌కి పట్టి ఉంచే బిగింపులు ఊడదీయకూడదు. ఒకవైపే లాగడంతో ఫ్రేము వంకర తిరిగిపోతుంది. మామగారు మొదటిరోజు చెప్పిన జాగ్రత్త అదే. ఆమె ఒక్కొక్క బిగింపే వదులు చేసింది. రాకెట్టు చేత్తో పట్టుకుని, వేలాడుతున్న తీగ నేలన ఈడ్చుకొస్తుంటే, తెర తప్పించుకుని షాపులోకి వచ్చింది. గాజు కౌంటరు మీద భర్త ముందు పెట్టింది.

“మిగతా సగం మీరు వెయ్యండి.”

భర్తకి అర్థం కాలేదు. అర్థమయ్యాక, “లోపలికి పద,” అన్నాడు పెదవులు కదలకుండా.

“అదేంటమ్మా, అది నా రాకెట్టు!” పళ్ల డాక్టరు లేచి కౌంటరు దగ్గరికి వచ్చాడు. “తొందరగా వెయ్యండి మాస్టారూ, వంగిపోతోంది!”

టీవీలో ఎవరో పిచ్చుక గురించి ఇంకా మాట్లాడుతూనే ఉన్నారు. భర్త తీగ కొస చేతిలోకి తీసుకుని ఏ రంధ్రంలో దూర్చాలో తెలియక రాకెట్టుని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. ఈ రాత్రికి ఈ ఇంట్లో తన చోటు ఏమవుతుందో ఆమెకు తెలియదు. డాక్టరు లేచిన కుర్చీ దగ్గరికి లాక్కుని, వాళ్లందరి మధ్య కూర్చుంది.

“కానివ్వండి,” అంది. “అందరం చూస్తాం.”