చెవిలో మాట ఆగితే

క్రేన్ నడిపే ఖయ్యూమ్‌దీ నాదీ జగిత్యాల వైపే. వాకీటాకీలో ఇంగ్లిషే మాట్లాడాలన్న రూలును మేమిద్దరం ఎన్నడూ పట్టించుకోలేదు. పైన క్యాబిన్‌లో అతను, కింద సిగ్నల్‌మ్యాన్‌గా నేను. దూలం దిగే మూల అతనికి కనిపించదు, నా మాట విని దించాల్సిందే. ఫుట్‌బాల్ వరల్డ్ కప్ దగ్గరపడుతోందని ఈ గల్ఫ్ ఊరు లుసైల్‌లో అందరికీ తొందరే. పని అయితే చాలు, ఏ భాషలో అయితే ఎవడికి కావాలి?

ఆ పొద్దున నా హెల్మెట్ కింద ఒక చెవిలో ఇయర్‌ఫోన్ ఉంది. ఫోనులో, ఎక్కడెక్కడి వాళ్ళో చేరి మాటలు వినే వాయిస్ రూమ్ నడుస్తోంది. సుహాసిని అనే ఆమె కబుర్లు చెబుతుంది, పాడుతుంది. ముఖం ఎప్పుడూ చూడలేదు. "ఇగ చాలు, పోతున్న" అందామె.

"ఆపకు, ఇంకా, ఇంకా" అన్నాను. ఆమెతోనే అన్నాను. కానీ వేలు వాకీటాకీ బటన్‌ను నొక్కి ఉంది.

ఖయ్యూమ్ దించుతూనే పోయాడు. కింద ఉన్న జలంధర్ పక్కకు దూకాడు గనుక బతికాడు. పరంజా పైపులు నుజ్జయ్యాయి.

సేఫ్టీ ఆఫీసర్ కామేశ్వరరావుది రాజమండ్రి. "చూసుకోకుండా దించేశాడండీ! వీణ్ణి రేపే ఇంటికి పంపించేస్తాను" అని ఖయ్యూమ్ మీద పడ్డాడు.

ఖయ్యూమ్ నన్ను ఆఫీసు వెనక్కి గుంజుకుపోయాడు.

"తిరుమల్ అన్నా, నువ్వన్నదే నేను చేసిన. సార్‌కు ఫోన్ సూపెట్టు, నేను బయటపడ్త."

"సూపెడితే గుంజుకుంటరు."

"థూ! నా కొలువు పోతుంటే నీకు ఫోన్ రందా? మమత వదినె ఫోన్ చేస్తే రెండు మాటలు మాట్లాడవు. ఎవ్వతో పాడితే పానమిస్తవ్!"

నిజమే. నా భార్య మమత అడుగుతుంది, జవాబు కావాలంటుంది. జవాబు చెప్పడం నాకెవడు నేర్పాడు? అమ్మ బీడీల కార్ఖానాకు పోతూ బయట తాళం వేసేది. లోపల నేనూ, నాన్న దుబాయ్ నుంచి మాటలు నింపి పంపిన క్యాసెట్టూ. "బువ్వ తిన్నవా బిడ్డా?" అనేది టేపు. "తిన్న" అనేవాణ్ణి. నాన్న వినకుండానే తర్వాతి మాటకు పోయేవాడు. అయినా తిప్పి తిప్పి వేసుకునేవాణ్ణి. మాట ఆగితే ఇంట్లో ఎవరూ లేరని తెలిసిపోయేది. బడిలో సారు ఏమడిగినా నోరు పెగలక, నాలుగో తరగతిలోనే మానేశాను. ఫోను చెడ్డదని నీతులు చెప్పేవాళ్ళను ఆ ఇంట్లో ఒక్క పూట కూర్చోబెట్టాలి.

ఖయ్యూమ్ ఏడుస్తున్నాడు. లోపలికి వెళ్ళాను.

"సార్, ఇంకా ఇంకా అన్నది నేను. వాకీటాకీల అన్న." ఫోను బల్ల మీద పెట్టాను, వేళ్ళు విడవలేదు. కామేశ్వరరావు లాక్కున్నాడు.

"డ్యూటీలో కచేరీయా? ఇది తేలేదాకా ఫోను నా దగ్గరే ఉంటుంది. నువ్వు క్యాంపుకెళ్ళు. క్రేన్ అతన్ని పనిలోకి పొమ్మను."

బస్సు దాకా ఖయ్యూమ్ నా వెంట వచ్చాడు.

"క్యాంపుల ఇప్పుడు ఎవ్వలుండరు" అన్నాను.

"మంచిదే కదా, పండుకో."

"జర సేపు మాట్లాడు ఖయ్యూమ్."

"ఏం మాట్లాడాలె?"

"ఏదన్న. నేను నడుమ రాను."

అతను నన్ను చూసి భయపడ్డట్టు వెనక్కి జరిగాడు. "డ్యూటీ ఉందన్నా" అంటూ పరుగు లాంటి నడకతో పోయాడు.

బస్సులో నేనొక్కణ్ణే. నేపాలీ డ్రైవరుకు వెనకనే ఉన్న సీట్లో కూర్చుని, ఏదన్నా మాట్లాడమని తెలుగు రాని అతన్ని తెలుగులోనే బతిమాలుతూ పోయాను.