సాగిన సొరమొలక

నేను ఒక సొరమొలకను. పిడకలో నుంచి వచ్చాను.

నా తల్లికాయ గుండ్రంగా, పొట్టి మెడతో ఉండేది. ఆ రకం మాలకొండయ్య ఇంట్లో తప్ప ఊళ్లో ఇంకెక్కడా మిగల్లేదు. మిగతావాళ్లు కొట్లో పొట్లాలు కొనుక్కుంటున్నారు. ఆయన మాత్రం కాయను తీగ మీదే ఎండనిచ్చి, గింజలు తీసి, బూడిద కలిపిన పేడలో అద్ది, వంటపిడకల పక్కనే గోడకు కొట్టేవాడు. అలా చేస్తే పురుగు ముట్టదు. ఏది పొయ్యిలోకి, ఏది పాదులోకి అన్నది ఆయన కంటికే తెలుసు. ఎవరికీ చెప్పలేదు. చెప్పి పెట్టాలని మనుషులకు ముందుగా తోచదు.

ఆయన పోయినరోజు నీళ్లు కాచడానికి ఇరుగుపొరుగు ఆడవాళ్లు గోడమీద పిడకలన్నీ ఒలిచి పొయ్యిలో పెట్టారు. మావాళ్లంతా ఆ మంటలోనే పోయారు. గింజలు చిటపటమన్నాయి గానీ, ఆ ఏడుపుల్లో ఎవరికి వినపడుతుంది. ఒలిచేటప్పుడు విరిగి చూరు కింద పడిన ముక్కలో నేనున్నాను. పెద్దకర్మ అయ్యాక ఆయన భార్య వెంగమ్మ గోడవార ఊడుస్తూ నన్ను చూసింది. చీపురు పక్కన పెట్టి అక్కడే కూలబడింది. గోడంతా చేత్తో తడిమింది. ఇంకొక గింజ దొరకలేదు.

బయట నాటితే కోళ్లు కెలుకుతాయని, మేకలు కొరుకుతాయని, దిష్టి తగులుతుందని నన్ను ఇంట్లోనే పెట్టింది. ఊరగాయ పెట్టుకునే పాత జాడీలో మట్టి నింపి గుచ్చింది. జాడీకి అడుగున చిల్లు లేదు. ఇంటికప్పులో ఒక్క గాజుపెంకు ఉంది. దానికీ పొగ పట్టింది. దాన్లోంచి పడే గుడ్డివెలుతురు తప్ప నాకు వేరే పొద్దు తెలియదు.

నేను మొలకెత్తిన నాటినుంచి వెంగమ్మ నీళ్లు పోస్తూనే ఉంది. పొద్దున పోసేది. అన్నం తిని పోసేది. అటుగా పోతూ చెంబులో మిగిలింది పోసేది. పోసేటప్పుడు మెల్లగా అనేది:

"తాగు. నిన్నెవురూ వద్దనర్లే."

ఆ మాట నాతో కాదని కొన్నాళ్లకు అర్థమైంది. మాలకొండయ్యకు చివర్లో మూత్రపిండాలు చెడ్డాయి. నీళ్లు ఎక్కువ ఇవ్వొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఆయన అడిగేవాడు, ఈమె చెంబు దాచేది. తడిగుడ్డతో పెదాలు అద్దేది. ఆయన దాహంతోనే పోయాడు.

మట్టి ఆరకుండా ఉంటే వేళ్లకు ఊపిరి ఆడదు. నాకూ ఆడలేదు. కొసలు నల్లబడ్డాయి. వెలుతురు కోసం మెడ చాచీ చాచీ దారంలా అయ్యాను. ఆకులు పసుపురంగుకు తిరిగి నా బరువు నేనే మోయలేకపోయాను. అయినా వెంగమ్మ మురిసిపోయేది. మనుషులకు పొడుగు కనపడితే చాలు, లావు అడగరు.

మాలకొండయ్య తమ్ముడు చెంచయ్య ఒకనాడు వచ్చి నా ముందు గొంతుక్కూర్చున్నాడు.

"ఏంది వదినా ఇది?"

"కనపళ్లా? ఎంత పెరిగిందో చూడు."

"ఇది పెరగటం కాదు, సాగటం. వెలుతురు యాడుందా అని ఎతుక్కుంటా పోతావుంది."

"నీ చేలో మొక్క ఇంత లేసిందా ఎప్పుడన్నా? కళ్లు కుట్టినయ్యా?"

"నా కళ్ల సంగతి తర్వాత. జాడీలో ముక్కుపెట్టి చూడు. మురుక్కాలవ మాదిరి కంపు కొడతావుంది."

ఆమె వంగి వాసన చూసింది. జాడీని అతని వైపు జరిపింది.

చెంచయ్య జాడీని పక్కకు వంచి నన్ను మట్టితో సహా అరచేతిలోకి తీసుకున్నాడు. కుళ్లిన వేళ్లు గోటితో గిల్లేశాడు. చిల్లున్న పగిలిన కుండలో ఇసుకా మట్టీ కలిపి, మొదటి జంట ఆకుల దాకా నా సాగిన కాడను లోపలికి దించి పూడ్చాడు. చూరు నీడన పెట్టాడు. కొన్నాళ్లు ఇక్కడే ఉండనిచ్చి, తర్వాత పొద్దుటి ఎండ చూపించమన్నాడు.

"ఏలు పెడితే పొడిగా తగిలిందాకా చుక్క కూడా పోయబాక."

వెంగమ్మ అతని వైపు చూసింది. "ఆ మాట నాకు చెప్పబాక చెంచయ్యా," అంది.

"చెప్పక తప్పదు వదినా. పోశావంటే ఇది ఉండదు."

మర్నాడు మధ్యాహ్నానికి నేను వాలిపోయాను. మిగిలిన కాసిని వేళ్లకు నన్ను నిలబెట్టే సత్తువ లేదు. ఆకులు కుండ అంచుకు వేలాడాయి. వెంగమ్మ చెంబుతో వచ్చి కూర్చుంది. మట్టిలో వేలు పెట్టింది. తడి తగిలింది. చెంబు ఎత్తింది. మళ్లీ దించింది. నేను అడగలేదు, నాకు నోరు లేదు. నోరున్నవాడు అడిగినప్పుడు ఎలా ఓర్చుకుందో. పొద్దు వాలేదాకా అలాగే కూర్చుంది. తనూ గుక్క తాగలేదు.

ఎండ తగ్గాక నా ఆకులు ఒకటొకటే లేచాయి. అప్పుడే చెంచయ్య చేనినుంచి వస్తూ ఆగాడు.

"చూశావా, లేసింది. ఇంక భయం లా."

వెంగమ్మ ముఖంలో సంతోషం లేదు.

"నీళ్లు పోయకపోతే ఇది బతికింది. ఆయనకు పోయకపోతే ఎందుకు పోయినాడు?"

చెంచయ్య తువ్వాలు భుజం మార్చుకున్నాడు. "తెలవదు వదినా," అన్నాడు. నాకు ఆనిక పెట్టడానికి కందిపుల్ల తెస్తానని వెళ్లిపోయాడు.

ఇప్పుడు నేను పందిరి మీద ఉన్నాను. కాడ గట్టిపడింది. పొట్టి మెడ పిందెలు దిగాయి. దారిన పోయేవాళ్లు నిలబడి చూసి, వెంగమ్మ చేతి చలవే చలవ అంటారు. మనుషులు మంచి మాటే అనుకుని అంటారు. ఆమె తల ఎత్తదు. ఆ రెండు చేతులూ పైటకొంగు కిందికి లాక్కుని, వాళ్లు వెళ్లిపోయేదాకా అలాగే ఉంటుంది.