రెండు గదుల్లో తూటా

వేటకుక్కని ఇంట్లో పెట్టుకోవడమంటే కోరి కొరివితో తల గోక్కోవడమేనని భర్త ముందే చెప్పాడు. ఆమె వినలేదు. వినే మనిషైతే కుక్క మెడపట్టీ అప్పటికే చేతిలో ఎందుకుంటుంది?

ఆ కుక్క ఆమె అన్నయ్యది. ఊరవతల చిత్తడినేలలకి ఆయన కాపలాదారు. దెబ్బతిన్న నీటిపక్షులు రెల్లుగడ్డిలో పడిపోతే వాటి జాడ పసిగట్టి, నోట కరుచుకుని, ప్రాణాలతో తెచ్చివ్వడం ఆ కుక్క పని. పుట్టుక వేటజాతి. పీక్కుపోయిన నడుము, పొడుగాటి కాళ్ళు, ఒంటినిండా గోధుమరంగు మచ్చలు. ఒకసారి బయల్దేరిందంటే ఆపడం ఎవరి తరమూ కాదని దానికి తూటా అని పేరు పెట్టాడు. వానల్లో గట్టు మీంచి జారిపడి అన్న తుంటి విరగ్గొట్టుకున్నాడు. నడుస్తాడు గానీ ఇక బురదలో తిరగలేడని డాక్టర్లు తేల్చేశారు. ఆఫీసువాళ్ళు కూర్చుని చేసే పనిలోకి మార్చారు.

"పరాయివాళ్ళ చేతుల్లో పెట్టలేను చెల్లాయ్. నీ దగ్గరుంటే నా దగ్గరున్నట్టే," అన్నాడు మంచం మీంచి.

ఆమె ఒప్పుకున్నది అన్న అడిగినందుకు మాత్రమే కాదు. చిన్నప్పుడు ఆమె చంకలో పెట్టుకుని తెచ్చిన ప్రతి కుక్కపిల్లనీ నాన్న సాయంత్రానికల్లా ఎక్కడో వదిలేసి వచ్చేవాడు. ఎక్కడో చెప్పేవాడు కాదు. ఇప్పుడిది తన ఇల్లు, ఇక్కడ ఎవరుండాలో తను చెబుతుంది. ఆ ముక్క పైకి అనకుండా, "కొన్నాళ్ళు చూద్దామండీ. పొసిగితే ఉంచుకుందాం, లేకపోతే లేదు," అని భర్తని ఒప్పించింది.

ఇల్లంటే రెండో అంతస్తులో రెండు గదులు, ఒక వంటిల్లు, మనిషి అడ్డంగా నిలబడితే నిండిపోయే బాల్కనీ. ముందుగదిలో సగం ఆమె కుట్టుమిషనూ, కర్టెన్ల గుడ్డలూ ఆక్రమించాయి. భర్త పార్సిళ్ళ వ్యాను తీసుకుని పొద్దున్నే పోతే చీకటిపడ్డాకే రావడం. ఉన్న చోట్లోనే అత్తగారు, నాలుగేళ్ళ కూతురు. గుండ్రంగా ఉంటుందని కూతుర్ని అందరూ బుడంకాయ అంటారు. బాల్కనీలో కొక్కేనికి వేలాడే పంజరంలో అత్తగారి లవ్‌బర్డ్స్ రెండు, ఒకటి పసుపు, ఒకటి నీలం. మోకాళ్ళ నొప్పులతో గడప దాటని అత్తగారికి పగలంతా వాటితోనే కబుర్లు.

"పాలకుండకి పిల్లిని కాపలా పెట్టినట్టుందమ్మాయ్," అంది ఆవిడ, తూటా వచ్చి పంజరం కింద వాసన చూస్తుంటే.

మొదట్లో కుక్క ఇల్లు పీకి పందిరేసింది. చుట్టిపెట్టిన గుడ్డల్ని గది పొడుగునా విప్పింది. దారపు ఉండల్ని మంచం కిందికి తరిమింది. ఆమె పొద్దున్నే పార్కు చుట్టూ దానితో పరిగెత్తి, డొక్కలు పట్టుకుని ఇంటికొచ్చి కూలబడేది. తూటా నాలుగు గుక్కల నీళ్ళు తాగి, "సరే, ఇంక బయల్దేరదామా?" అన్నట్టు ఎదురుగా నిలబడేది. సాయంత్రం మళ్ళీ అదే వరస.

"కాలుగాలిన పిల్లి అంటారు చూడూ, ఆ మాట పుట్టించినవాడు దీన్ని చూసుండడు," అని నవ్వింది అత్తగారు. అప్పటికింకా నవ్వగలిగారు.

గోలని భరించొచ్చు. ఆ తర్వాత మొదలైన నిశ్శబ్దాన్నే భరించలేకపోయారు.

ఒక పొద్దున తూటా పంజరం ఎదుట నిలబడిపోయింది. ముందుకాలు ఒకటి గాల్లోకి మడిచి, తోక బిగించి, ముక్కు పిట్టలకేసి చాచి, చెక్కిన బొమ్మలా నిలబడింది. గిన్నె తెచ్చి పక్కన పెడితే తినలేదు. పిలిస్తే చెవైనా కదపలేదు. తొడల్లో కండ మాత్రం సన్నగా వణుకుతోంది. మూతి చివర నుంచి చొంగ తీగలా సాగి నేలమీద పడుతోంది. పిట్టలు అరవడం మానేశాయి. పంజరం అవతలి మూలకి జరిగి, ఒకదానికొకటి అతుక్కుపోయి కూర్చున్నాయి.

పంజరాన్ని లోపలిగదికి మార్చి తలుపేశారు. తూటా వచ్చి మూసిన తలుపు ఎదుట అలాగే నిలబడింది. దాన్ని తప్పించుకుని లోపలికి వెళ్ళాలి, వెళ్ళగానే గడియ పెట్టాలి, వచ్చేటప్పుడు కాలడ్డం పెట్టాలి. ఇంట్లో అందరూ పిల్లుల్లా నడవడం నేర్చుకున్నారు. బుడంకాయ కూడా గుసగుసగా మాట్లాడుతోంది. మిషను తొక్కుతూ ఆమె కుట్టుకేసి కాక కుక్క వీపుకేసి చూసేది. కుట్టు వంకరపోయేది. విప్పి మళ్ళీ కుట్టేది.

అన్నకి ఫోన్ చేసింది.

"దానికి పని కావాలి చెల్లాయ్. ఇంకాస్త తిప్పు."

"ఇంకెంత తిప్పను అన్నయ్యా? నా కాళ్ళు పడిపోతున్నాయి."

అన్న గొంతు తగ్గించి, "ఒకటి గుర్తుపెట్టుకో. దాని నోట ఎప్పుడైనా ఏదైనా పడితే అరవకు, లాక్కోకు. అరిస్తే పళ్ళు బిగుస్తాయి. చెయ్యి చాపి, నెమ్మదిగా 'ఇలా తే' అను," అన్నాడు.

ఆ ప్రమాదం జరిగిన మధ్యాహ్నం ఆమె ఒక హోటలు వాళ్ళ కర్టెన్లకి ఆఖరి అంచులు కుడుతోంది. లోపలిగదిలో అత్తగారు పంజరాన్ని బల్లమీద పెట్టి శుభ్రం చేస్తూ, బుడంకాయని అక్కడే ఉంచి నీళ్ళకని వంటింట్లోకి వచ్చింది. తలుపు వేశాననే అనుకుంది. గడియ పడలేదు. ఎప్పుడు లోపలికి దూరిందో, తలుపు దగ్గర తూటా లేదు.

ఆమె అది గమనించేసరికే లోపల దబ్బుమన్న చప్పుడు, ఆ వెంటనే బుడంకాయ ఏడుపు.

మిషను వదిలేసి లేచింది. ఒక్క అంగలో గుమ్మంలో ఉంది. స్టూలు తిరగబడి ఉంది. పిట్టలకి బిస్కెట్టు పెడదామని స్టూలెక్కి పంజరం తలుపు తీసిందట పిల్ల. పసుపు పిట్ట బయటికెగిరింది, తూటా దాని మీదికి ఎగిరింది, మధ్యలో ఉన్న పిల్ల కిందపడింది. పెదవి చిట్లి గడ్డం మీదికి రక్తం కారుతోంది. మంచం పక్కన తూటా. దాని మూతి చివర పసుప్పచ్చని తోక ఈకలు.

పిల్ల అప్పటికే లేచింది. ఏడుస్తూనే, "నానమ్మ పిట్ట! ఇచ్చెయ్! ఇచ్చెయ్!" అంటూ రెండు చేతులూ కుక్క నోటికేసి చాపింది.

తూటా గొంతులోంచి గుర్రుమని చిన్న చప్పుడు వచ్చింది.

ఆమెకి అన్న మాట గుర్తొచ్చింది. అరిస్తే పళ్ళు బిగుస్తాయి. పళ్ళ మధ్యలో ఇప్పుడు పిట్ట ఉంది, ఇంకో క్షణమైతే పిల్ల వేళ్ళుంటాయి. వెనక నుంచి అత్తగారు "అయ్యో" అనబోయి చీర చెంగు నోట్లో కుక్కుకుంది.

"బుడంకాయ్," అంది ఆమె, జోలపాడే గొంతుతో. "అమ్మ దగ్గరికి రా, బంగారం. చేతులు వెనక్కి పెట్టుకుని రా."

పిల్ల ఆగింది. ఆ గొంతు కొత్తగా అనిపించిందేమో, చేతులు వెనక్కి పెట్టుకుంది. ఒక అడుగు వేసింది, ఇంకొకటి వేసింది. అందేంత దూరం రాగానే ఆమె పిల్లని తన వెనక్కి తోసింది. అత్తగారు మోకాళ్ళ సంగతే మరిచిపోయి పిల్లని ఎత్తుకుపోయింది.

ఆమె నేలమీద కూర్చుంది. చెయ్యి చాపింది. మోచేతిని తొడకి ఆనించుకుంది.

"తూటా. ఇలా తే."

కుక్క కదల్లేదు. దాని కళ్ళు ఆమెని చూడ్డం లేదు, ఆమె లోంచి ఎటో చూస్తున్నాయి.

"ఇలా తే, నాన్నా. ఇలా తే."

తోక కొస కదిలింది. తల వంచుకుని, ఒక్కో అడుగే వేస్తూ వచ్చి, పిట్టని ఆమె అరచేతిలో పెట్టింది. పిట్ట ఈకలు చొంగకి తడిసి ముద్దయ్యాయి. కళ్ళు మూసుకునే ఉంది. వేళ్ళ కింద దాని గుండె మాత్రం మిషను సూదిలా కొట్టుకుంటోంది. ఎక్కడా గాటు లేదు.

సాయంత్రానికి పిట్ట ఊచ మీద కూర్చుంది. పిల్ల పెదవికి రెండు కుట్లు పడ్డాయి. జరిగింది విని భర్త చాలాసేపు తూటానే చూశాడు.

"ఇంతా చేసి పిట్టకి గాటు పడనివ్వలేదంటే మామూలు కుక్క కాదోయ్. పిల్ల పడింది దీని కసితో కాదుగా. ఉంచేద్దాం," అన్నాడు. ఇన్నాళ్ళూ వద్దన్న మనిషి.

"పిట్టల్నే కిందింటివాళ్ళకి ఇచ్చేస్తానులే అమ్మాయ్," అంది అత్తగారు, గోడకేసి చూస్తూ. "నాకేం, టీవీ ఉందిగా."

ఆమె కోరుకున్నది ఇదే. అందరూ ఒప్పుకున్నారు. కానీ సంతోషం రాలేదు. అరచేయి చాపినప్పుడు తూటా మొహం ఎలా ఉందో ఆమె ఒక్కతే చూసింది. ఇంట్లో అడుగుపెట్టాక ఆ కుక్క మొదటిసారి ప్రశాంతంగా కనబడింది. పని చేసి తెచ్చిచ్చింది, ఇంకో పని కోసం చూసింది. తను మళ్ళీ తలుపేసి గడియ పెట్టింది. పిట్టలు పోతే అది కిటికీ ముందు నిలబడుతుంది. కిటికీ మూస్తే గోడ ముందు నిలబడుతుంది. దీన్ని ఉంచుకోవడం ఎవరి కోసం? తూటా కోసం మాత్రం కాదు.

"వద్దండీ," అంది. "అత్తయ్యా, పిట్టల్ని ఎవరికీ ఇవ్వొద్దు."

అన్నకి ఫోన్లో చెప్పే ధైర్యం లేక మర్నాడు ఇంటికే వెళ్ళింది. చంకకర్రలు మంచానికి ఆనించి ఆయన కూర్చుని ఉన్నాడు. అంతా విన్నాడు. మొహం గట్టిపడింది.

"నాన్న పోలిక ఎక్కడికి పోతుందిలే," అన్నాడు. "అడ్డమనిపిస్తే వదిలించుకోవడమేగా."

చెంప మీద కొట్టినట్టయింది. లేచి వచ్చేద్దామనుకుంది. లేవలేదు.

"నాన్న ఎక్కడ వదిలాడో చెప్పేవాడు కాదు అన్నయ్యా. నేను నీతో చెప్పి, నువ్వు చూపించిన చోటే వదులుతాను. అది మా ఇంట్లో బతకడం లేదు, కాచుకుని ఉంటోంది. రెండు పూటలు వచ్చి చూడు, నీకే తెలుస్తుంది. చూశాక కూడా ఉంచమంటే ఉంచుతాను."

ఆయన కర్ర చివరతో నేలమీద గీతలు గీస్తూ కూర్చున్నాడు. చివరికి, "చేపల చెరువులాయన ఒకడున్నాడు," అన్నాడు. "కొంగలు చేపల్ని ఉండనివ్వడం లేదని, గట్ల మీద తిరగడానికి తూటాని అడిగాడు. నేనే కుదరదన్నాను. అక్కడికిస్తే అది నన్ను మరిచిపోతుందని."

ఆదివారం భర్త వ్యానులో అందరూ వెళ్ళారు, పెదవి వాచిన బుడంకాయతో సహా. ఎటు చూసినా గట్లు, నీళ్ళు, నీళ్ళ మీద తెల్లగా కొంగలు. గొలుసు విప్పింది అన్నే. తూటా ఒక్క క్షణం ముందుకాలు మడిచి నిలబడి, అంతలోనే దూసుకుపోయింది. కొంగలు ఒక్కుమ్మడిగా లేచాయి. గట్టు వెంబడి మచ్చల ఒళ్ళు సాగుతూ, చిన్నదవుతూ పోయింది.

అన్న నోట్లో వేళ్ళు పెట్టి ఈల వేశాడు. అంత దూరంలోనూ కుక్క టక్కున ఆగి వెనక్కి తిరిగింది. రమ్మంటే వచ్చేది. ఆయన రమ్మనలేదు. కర్ర ఎత్తి, పొమ్మన్నట్టు ఊపాడు.

"ఏం తింటుందండీ ఇది?" అని అడిగాడు చెరువులాయన.

అన్న ఆయన భుజం పట్టుకుని చెప్పడం మొదలెట్టాడు. ఏ పూట ఏం పెట్టాలో, గోళ్ళెలా కత్తిరించాలో, ఉరుము ఉరిమితే ఎక్కడ దాక్కుంటుందో చెబుతూనే ఉన్నాడు. భర్త వ్యాను ఇంజను ఆపేశాడు. ఆమె పిల్లని ఒళ్ళో కూర్చోబెట్టుకుని గట్టుమీద కూర్చుంది. తొందరపెట్టాలని ఎవరికీ అనిపించలేదు.