ఎందుకయ్య, యూపీఎస్, ఆఖరి అధ్యాయం

గోడ సాకెట్టుకు నేరుగా తగిలిస్తే కంప్యూటరు బుద్ధిగా తెరుచుకుంటున్నది. యూపీఎస్‌కు తగిలిస్తే మాత్రం నల్లటి తెర మీద కంపెనీ గుర్తు ఒకటి చూపించి అక్కడే బిగుసుకుపోతున్నది. మీటలు నొక్కితే ఉలకదు, మౌసు కదిపితే పలకదు. కరెంటు పోయినప్పుడు కాపాడుతుందని తెచ్చిన పెట్టె, కరెంటు ఉన్నప్పుడే దాన్ని లేవనివ్వడం లేదు. కంచే చేను మేసినట్టుంది వ్యవహారం.

ఎందుకు?

అలా అడిగిన మనిషికి ఇంట్లో వాడుక పేరు కూడా అదే. మాటలు వచ్చిన నాటి నుంచి ప్రతిదానికీ కారణం అడుగుతూ పెరిగినందుకు మేనత్త అతడిని ఎందుకయ్య అన్నది. అసలు పేరు గుర్తింపు కార్డులకు మిగిలింది. చెవుల దగ్గర వెంట్రుకలు తెల్లబడినా ఆ పిలుపు పోలేదు. పోవలసిన కారణం అతడికీ కనబడలేదు.

చూపు లేనివారి గ్రంథాలయం కోసం పుస్తకాలు చదివించి రికార్డు చేయడం అతడి పని. ఇంటి వెనక ఉన్న చిన్న గదిలో గోడలకు పాత దుప్పట్లు కొట్టి, కిటికీ మూయించి, తలుపు సందుల్లో స్పాంజి ముక్కలు కుక్కాడు. చదివేది మేనత్త. ఆమె గొంతుకు అలవాటుపడినవారు వేరొకరి గొంతు వినలేమంటారు. అయితే ఆమెకొక నియమం ఉన్నది. ఏ పేజీ అయినా ఒక్కసారే చదువుతుంది. ముందుగా చూసుకోదు, తడబడితే వెనక్కి వెళ్లదు.

ఇప్పుడు చదువుతున్నది పడవలు కట్టే అన్నదమ్ముల నవల. మధ్యలో ఒకనాడు కరెంటు పోయి ఒక అధ్యాయం అధ్యాయమే ఎగిరిపోయింది. ఆమె మళ్లీ చదవలేదు. ఆ కన్నంతోనే మిగతా భాగాలు వరసగా గ్రంథాలయానికి వెళ్లాయి. తమ్ముడు ఒంటరిగా పడవకు తారు పూస్తుంటే విన్నవాళ్లు కంగారుపడి ఫోన్లు చేశారు. "పెద్దాయన ఏమయ్యాడండీ?" పెద్దాయన కన్నంలో పోయాడు. ఆ సంగతి ఎందుకయ్య ఒక్కొక్కరికీ సంజాయిషీ ఇచ్చుకున్నట్టు చెప్పాడు. యూపీఎస్ కొన్నది ఆ తరవాతే, తగిలించింది ఈ పొద్దునే.

ఈ రోజు ఆఖరి అధ్యాయం. వీధిలో పొద్దుటినుంచి స్తంభాలు మారుస్తున్నారు. కరెంటు వస్తున్నది, పోతున్నది. యూపీఎస్ లేకుండా చదివించడమంటే తెలిసి తెలిసి గోతిలో దిగడమే.

బావమరిది మీటరు పట్టుకుని వచ్చాడు. లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు; ఇరుక్కుపోయినవాళ్లతో మాట్లాడీ మాట్లాడీ అతడికి నోరు ఊరుకోదు. యూపీఎస్ వెనక మీటరు మొనలు ఆనించి చూశాడు.

"బావా, దీని ఆరోగ్యం నాకంటే బాగుంది. కరెంటు నిక్షేపంలా వస్తోంది."

"మరి ఎందుకు ఆగిపోతోంది?"

"అదిగో, మొదలెట్టావు. మా అక్క నిన్ను పద్ధెనిమిదేళ్లుగా ఎలా భరిస్తోందో ఆ సంగతి ముందు చెప్పు, ఇది తరవాత చూద్దాం."

కరెంటు మంచిదే. కంప్యూటరు మంచిదే. రెండు మంచివి కలిస్తే చెడు ఎలా పుడుతుంది? ఎందుకయ్య ఆ ప్రశ్నతోనే యూపీఎస్‌ను ఊడదీశాడు, మళ్లీ తగిలించాడు. తెర బిగుసుకున్నది. ఊడదీశాడు. తెర విచ్చుకున్నది. తీసినప్పుడల్లా నమ్మకం, పెట్టినప్పుడల్లా అనుమానం. బల్లను ముందుకు లాగి, దుమ్ములో బోర్లా పడుకుని, ఇంకొకసారి తగిలించాడు.

అదే సమయానికి మేనత్త వచ్చి గుమ్మంలో నిలబడ్డది. చేతిలో పుస్తకం, పుస్తకం మధ్యలో బొటనవేలు.

"ఏరా ఎందుకయ్యా, బల్లకింద పడుకున్నావు? మీ ఆవిడ గెంటేసిందా?"

అతడు జవాబు చెప్పబోయేలోగా తెర వెలిగింది. గుర్తు వచ్చింది, పోయింది. కంప్యూటరు నిండుగా తెరుచుకున్నది. యూపీఎస్‌కు తగిలించి ఉండగానే.

"పెద్దమ్మా, మీ పాదం మహత్యం!" అన్నాడు బావమరిది.

"అయితే కూర్చుంటాను. ఊరికే జాగు చేయకండి. రాత్రంతా దీన్ని తలకింద పెట్టుకుని పడుకున్నాను. ఎన్నిసార్లు చెయ్యి వెళ్లిందో. ఇవాళ చదవకపోతే ఈ రాత్రి ఆగడం నావల్ల కాదు, చదివేసుకుంటాను. చదివేసుకున్నానంటే ఇక మీకు చదవను. ఆ తరవాత నన్నాడిపోసుకోవద్దు."

ఆమె మాట బెదిరింపు కాదు. ఆమెకు బెదిరించడం రాదు. ఈ పూట దాటితే పుస్తకానికి ముగింపు ఉండదు. ఎందుకయ్యకు ఆ సంగతి తెలుసు. తెలిసి కూడా కంప్యూటరును కట్టేశాడు.

"తెరుచుకున్నదాన్ని మళ్లీ మూస్తావేమిట్రా?"

"ఎందుకు తెరుచుకుందో తెలియాలి కదా అత్తయ్యా. తెలియకపోతే మధ్యలో మళ్లీ ఆగదని ఏమిటి నమ్మకం?"

బల్లను వెనక్కి నెట్టాడు. వైర్లు చక్కగా సర్దాడు. స్విచ్చి వేశాడు. నల్లటి తెర, గుర్తు, నిశ్చలత.

బావమరిది రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు. "నీకేమైనా పిచ్చా బావా? ఉన్నది ఉంచుకోక!"

తరవాత జరిగినదాన్ని చూసి ఉంటే, చదువుకున్నవాళ్లెవరూ ఎందుకయ్యను తమలో కలుపుకునేవారు కారు. కాకి వాలితే తాటిపండు పడినంత మాత్రాన కాకిని నేరస్తురాలని అనకూడదని ఇతరులకు పదిసార్లు చెప్పిన మనిషి, ఇప్పుడు గదిలోని కాకులన్నింటినీ వెతకడం మొదలుపెట్టాడు. ఇందాక తెరుచుకున్నప్పుడు తలుపు తీసి ఉంది, తీశాడు. బావమరిది గోడకు ఆనుకుని ఉన్నాడు, ఆనుకోమన్నాడు.

"అత్తయ్యా, మీరు కూడా ఒక్కసారి గుమ్మంలో నిలబడండి. ఇందాకటిలాగే."

"నిలబడతానులే. ఇందాక నవ్వాను కూడా. నవ్వమంటావా?"

"నవ్వండి."

"నవ్వు రావడం లేదురా నాయనా."

"అక్కని పిలిచి గెంటించమంటారా?" అన్నాడు గోడ దగ్గర నుంచి బావమరిది. అప్పుడు ఆమెకు నిజంగానే నవ్వు వచ్చింది. స్విచ్చి వేశారు. తెర బిగుసుకున్నది.

"నా పాదం మహత్యం అప్పుడే అయిపోయింది," అంటూ మేనత్త మైకు ముందు కుర్చీలో కూర్చుండిపోయింది. ఈలోగా కరెంటు ఒకసారి పోయి వచ్చింది.

"ఫోన్లో రికార్డు చేసేద్దాం బావా, గొడవ వదిలిపోతుంది."

"గ్రంథాలయం వాళ్లు తీసుకోరు. ఈ మైకులో పడిన గొంతే కావాలి వాళ్లకి."

ఎందుకయ్య నేల మీద చతికిలబడ్డాడు. గది మారలేదు. మనుషులు మారలేదు. అయినా ఒకసారి తెరుచుకుని ఒకసారి తెరుచుకోలేదు. అయితే ఏదో మారింది. అది కనబడటం లేదంటే చూసే చోటులో ఉందేమో. తలుపును అనుమానించాడు, గోడను అనుమానించాడు, ముసలి మేనత్త నవ్వును అనుమానించాడు. తన చేతులను మాత్రం ఒక్కసారీ అనుమానించలేదు.

అరచేతులు తిప్పి చూసుకున్నాడు. దుమ్ము. తెరుచుకున్న తరవాత ఇవి ఏం చేశాయి? కంప్యూటరును కట్టేశాయి. బల్లను నెట్టాయి. వైర్లు సర్దాయి. సర్దుతున్నప్పుడు వేలాడుతున్న సన్న వైరు ఒకటి తగిలితే, దాని తావులో దాన్ని గుచ్చాయి.

"సన్న వైరు," అన్నాడు.

"ఏ సన్న వైరు?"

యూపీఎస్ నుంచి కంప్యూటరుకు రెండు వైర్లు వెళ్తున్నాయి. లావుది కరెంటు ఇస్తుంది. సన్నది యూఎస్‌బీ వైరు. దానిలో యూపీఎస్ తన కబుర్లు కంప్యూటరుకు చెప్పుకుంటుంది. పొద్దుటినుంచి అతడు తీసినప్పుడు రెండూ తీశాడు, పెట్టినప్పుడు రెండూ పెట్టాడు. పద్ధతిగల మనిషి కనుక సగం పని చేయలేదు. బల్లను ముందుకు లాగి, పడుకుని తగిలించిన ఆ ఒక్కసారే సన్న వైరు సరిగా దిగక ఊడి వేలాడింది. ఆ ఒక్కసారే కంప్యూటరు తెరుచుకున్నది.

సన్న వైరు తీసి స్విచ్చి వేశాడు. తెరుచుకున్నది. కట్టేసి, వైరు పెట్టి వేశాడు. బిగుసుకున్నది. ఇంకొకసారి అదే వరస, అదే ఫలితం.

"అయితే ఆ వైరు పీకి పారెయ్. దాంతో పనేముంది?" అన్నాడు బావమరిది.

"కరెంటు పోయిందంటే యూపీఎస్ కీచుకీచుమని అరుస్తుంది. ఆ అరుపు రికార్డులో పడుతుంది. ఆ నోరు మూయించాలంటే కంప్యూటరులోంచే మూయించాలి. అందుకే గదా ఈ వైరు పెట్టింది."

"అంటే కాపలావాడు కేక వెయ్యకూడదని నువ్వు పెట్టిన తాడు, ఇంటివాడి కాళ్లకు చుట్టుకుంది."

"చుట్టుకుంది సరే. ఎందుకు?"

బావమరిది గడ్డం గోక్కున్నాడు. "లేవగానే కంప్యూటరు తనకు తగిలించిన వాటన్నిటినీ 'ఎవరు నువ్వు' అని అడుగుతుంది కదా. ఈ పెట్టె జవాబు చెప్పదేమో. జవాబు వచ్చేదాకా అది అలా నిలబడిపోతుందేమో. ముందు లేవనివ్వు. లేచి, ముఖం కడుక్కున్నాక అప్పుడు వైరు గుచ్చు."

అలాగే చేశారు. తెర నిండుగా తెరుచుకున్నాక ఎందుకయ్య ఊపిరి బిగబట్టి సన్న వైరు గుచ్చాడు. ఏమీ కాలేదు. మూలన యూపీఎస్ బొమ్మ ఒకటి ప్రత్యక్షమైంది. అరుపు ఆపే సదుపాయం పనిచేసింది. బావమరిది జబ్బ చరిచి, బెల్లు కొట్టేవాళ్లను ఆపుతానని బయటికి వెళ్లి తలుపు మూశాడు.

ఎందుకయ్య హెడ్‌ఫోను చెవులకు పెట్టుకుని కూడా రికార్డు మీట నొక్కలేకపోయాడు. ఇంతసేపటి వెతుకులాటలో దొరికినదేమిటి? ఏ వైరు అన్నది దొరికింది, ఎప్పుడు అన్నది దొరికింది. ఎందుకు అన్నది దొరకలేదు. 'జవాబు చెప్పదేమో' అన్నాడు బావమరిది. ఆ 'ఏమో' మీద ఆఖరి అధ్యాయాన్ని నిలబెట్టవచ్చునా? లేచేటప్పుడు నిలబడిపోయిన యంత్రం, నడిచేటప్పుడు నిలబడదని ఎవరు చెప్పగలరు? కంప్యూటరు లోపలి అమరికలు విప్పి చూస్తే కారణం తెలియవచ్చు. తెలిసేసరికి పొద్దు గుంకవచ్చు.

"అత్తయ్యా, ఒక మాట. ఇది పనిచేస్తోంది. ఎందుకు చేస్తోందో నాకు తెలియదు. మధ్యలో ఆగిపోతే ఈసారి ముగింపే పోతుంది. చదువుతారా, ఆగుతారా? మీరే చెప్పండి."

ఆమె బొటనవేలిని పుస్తకంలోంచి తీయకుండానే అతడి వైపు చూసింది.

"తమ్ముడు పడవ దించుతాడో, తగలబెడతాడో నాకు తెలుసా? తెలియకుండానే గదరా నోరు విప్పుతున్నాను. నీకు అన్నీ తెలిసి ఉండాలి, నాకు మాత్రం ఏమీ తెలియకుండా ఉండాలి. ఇదేం న్యాయం? నొక్కు."

నొక్కాడు. గొంతుకు తగ్గట్టు లేచిపడే ఆకుపచ్చని గీత తెర మీద పాకడం మొదలుపెట్టింది.

ఆమె చదివింది. తమ్ముడు పడవను నీటి దాకా తెచ్చాడు. ఎప్పటిలాగే ఎందుకయ్యకు కథ సగమే వినబడుతున్నది. మనసులో మిగతా సగం గీతను కాపలా కాస్తున్నది. గీత లేస్తే బతికి ఉన్నట్టు, ఆగితే పోయినట్టు. అన్న చెక్కిన చుక్కాని మీద తమ్ముడు చెయ్యి వేశాడు. "అప్పుడతడు..." అన్నది మేనత్త.

కరెంటు పోయింది.

యూపీఎస్ అరవలేదు. కంప్యూటరు ఆగలేదు. గీత పాకుతూనే ఉన్నది. కానీ పైనున్న దీపం గోడ కరెంటుది. మూసిన కిటికీ, దుప్పట్ల గోడలు. గదంతా కాటుక పూసినట్టయింది. తెర వెలుతురు అతడి ఒళ్లోనే ఆగిపోతున్నది, పేజీ దాకా వెళ్లడం లేదు. యంత్రానికి కరెంటు పోతే ఏమిటన్న ఆలోచనలో కళ్లకు కరెంటు పోతే ఏమిటని అతడికి తట్టలేదు.

మేనత్త కదలలేదు. ఆగిన వాక్యం అవతల ఏముందో ఆమెకు తెలియదు. చీకట్లో ఆమె ఊపిరి మాత్రం వినబడుతున్నది.

ఎందుకయ్య ఫోను తీసి దీపం వేశాడు. పేజీ అందలేదు. లేస్తే హెడ్‌ఫోను వైరు చాలలేదు. తీసి బల్ల మీద పెట్టి, చప్పుడు చేయకుండా ఆమె కుర్చీ వెనక్కి వెళ్లి, ఆమె భుజం మీదుగా వెలుగు పట్టాడు. కంప్యూటరు ఇప్పుడు అతడి వీపు వెనక ఉన్నది. గీత పాకుతున్నదో, కంపెనీ గుర్తులా బిగుసుకున్నదో చూడాలంటే తిరగాలి. తిరిగితే వెలుగు పేజీ మీద నుంచి జారిపోతుంది.

"...పడవను నీటిలోకి తోశాడు," అన్నది మేనత్త, ఆగిన మాటకు ముడి వేసినట్టు.

మెడ తనంతట తాను వెనక్కి తిరగబోయింది. ఆపుకున్నాడు. అక్షరాల వెంట ఆమె కళ్లు, ఆమె గొంతు వెంట అతడి కళ్లు. పడవ ఒక పక్కకు ఒరిగింది, నీళ్లు మింగింది, మళ్లీ లేచింది. మునుగుతుందో లేదో అతడికి తెలియదు. ఆమెకూ తెలియదు. చెయ్యి నొప్పి పుడుతున్నా మార్చుకోలేదు. పేజీ తిప్పడానికి ఆమె చెయ్యి ఎత్తినప్పుడల్లా వెలుగును కాస్త పైకి లేపి, మళ్లీ దించాడు.

తమ్ముడు అవతలి ఒడ్డు చేరలేదు. చేరతాడనీ రాయలేదు. నది మధ్యలో తెడ్డు ఆపి, అన్న పేరు ఒకసారి పైకి అని, మళ్లీ తెడ్డు వేశాడు. అంతే. ఆ కింద తెల్ల కాగితం.

మేనత్త పుస్తకం మూసింది. తెడ్డు ఎందుకు ఆపాడు అని అడగాలనిపించింది అతడికి. అడగలేదు.

"పడిందా?" అన్నది ఆమె, మెల్లగా.

ఎందుకయ్య వెనక్కి తిరిగాడు. తెర వెలుగుతున్నది. గీత నడుస్తున్నది. ఆమె అడిగిన ప్రశ్న కూడా చిన్న గుట్టలా లేచి, ఎడమవైపుకు జరిగిపోతున్నది.