పబ్బు పెరట్లో ఎర్ర గడి

జిగురు వాసన.

మే నెల ఎండకు వెచ్చబడ్డ స్ప్రూస్ చెట్ల బెరడు వాసన... షుమావా కొండల మీంచి దిగి, కిటికీ దూకి, రాద్కా కంప్యూటర్ పక్కన కూర్చుంది.

తెర మీద, గడుల పటంలో, అడవి పచ్చగా ఉంది. పచ్చ. పచ్చ. పచ్చ—

ఒక్క గడి ఎరుపు.

చెట్లను తొలిచి చంపే బెరడు పురుగు రేపు ఎక్కడ వాలుతుందో ఈరోజే చెప్పే కంప్యూటర్ లెక్క అది. ఎండనీ, గాలినీ, ఉచ్చుల్లో పడ్డ పురుగులనీ మింగి పటం గీస్తుంది. రాద్కా మూడేళ్ల చెమట. శుక్రవారం పన్నెండింటికి పటం అటవీ శాఖకు పంపాలి. ఎర్ర గడిలోని ప్రతి చెట్టూ సోమవారం రంపం కిందికి.

ఆ గడిలో అడవి లేదు.

ఊరి పబ్బు ఉంది. పబ్బు పెరట్లో పదకొండు స్ప్రూస్ చెట్లు. రాద్కా నడక నేర్చింది ఆ నీడలోనే.

లెక్క నిజమైతే చెట్లు పోతాయి. చెట్లు నిలిస్తే లెక్క పోతుంది.

గురువారం మధ్యాహ్నం. సైకిలెక్కింది.

పెరట్లో, మొదటి చెట్టుకు ఆరడుగుల దూరంలో, నల్లటి ఉచ్చు. లోపల పురుగును పిలిచే వాసన పొట్లం. కొండ మీద, చెట్లు కొట్టేసిన ఖాళీలో ఉండాల్సిన ఉచ్చు.

దాని పక్కన, బీరు గ్లాసుతో, ఫారెస్టు గార్డు ఓటకర్.

"బాబాయ్, ఇది ఇక్కడికెలా వచ్చింది?"

"కొండెక్కలేకపోతున్నానే అమ్మాయ్. మోకాళ్లు."

"పబ్బుకు రావడానికి మాత్రం భలే పనిచేస్తాయి!" లోపల్నుంచి మిలుషా. పబ్బు ఆవిడదే.

"ఇటు దిగుడు కదా!"

పచ్చని చెట్టు పక్కన ఉచ్చు పెట్టకూడదని ముప్పై ఏళ్లుగా అందరికీ పాఠం చెప్పింది ఈయనే. పుస్తకంలో ఉచ్చు ఉన్న చోటని కొండ పేరే రాశాడు. పురుగుల లెక్క పంపిన ఫోను మాత్రం, ఉన్న చోటు పట్టేసి, పబ్బు అని రాసింది.

వాసన పిలిచింది. ఒక మగ పురుగు వచ్చింది. చోటు బాగుందని కబురు పెట్టింది. తోటివాళ్లు వచ్చారు. వాళ్ల తోటివాళ్లు వచ్చారు...

పబ్బు నిండే పద్ధతే.

రాద్కా మొదటి చెట్టు బెరడు తడిమింది. పురుగు తొలిచిన, కాఫీ పొడిలాంటి రజను. రెండోదానికీ. మూడోదానికీ. నాలుగోది— శుభ్రం. మిగతావీ అంతే.

లెక్క నిజమే. అబద్ధం మనిషిది.

"ఆ ఒక్క అంకె చెరిపెయ్యవే తల్లీ."

"అంకె చెరిపితే పురుగు చస్తుందా బాబాయ్?"

ఓటకర్ గ్లాసు కింద పెట్టాడు. సగం ఉండగానే. మిలుషా బయటికొచ్చి చూసింది.

ఒక్కటే దారి. పురుగు పట్టిన మూడింటినీ కొట్టి, బెరడు ఒలిచేస్తే, గడి రంగు మారుతుంది. చేతిలో ఉన్నవి ఇరవై గంటలు.

ఆ సాయంత్రం, మూడు చెట్లూ నేలకొరిగాక, బీరు అడిగినవాడి చేతికల్లా మిలుషా ముందు బెరడు కత్తి ఇచ్చింది. ఒలిచారు. తిట్టుకుంటూ ఒలిచారు. ఓటకర్ మోకాళ్ల మీద కూర్చుని ఒక మాను మొత్తం ఒలిచాడు. మోకాళ్ల సంగతి ఎవరూ అడగలేదు.

శుక్రవారం, పన్నెండుకు పది నిమిషాలు.

మూడు మాన్లు. తెల్లగా, బట్టల్లేకుండా.

రాద్కా అంకెలు ఎక్కించింది. ఎరుపు వణికింది... పసుపయింది. పచ్చ కాలేదు. పసుపంటే— ఆగి చూడు.

పంపేసింది.

ఓటకర్ ఉచ్చు భుజాన వేసుకుని కొండదారి పట్టాడు.

అప్పుడు గాలి లేచింది. ఒలిచిన మాన్ల మీంచి.

జిగురు వాసన. నిన్నటికంటే చిక్కగా, తియ్యగా...

మిగిలిన ఎనిమిది చెట్ల కింద ఎవరూ గ్లాసెత్తలేదు. ఆ వాసన ఎంత దూరం పోతుందో— కొండ మీది ఏ పురుగు దాకా పోతుందో—