ఛత్రపతి టెయ్‌బోర్

షిల్లాంగులో పుట్టి పాడలేకపోవడమంటే, గోదావరిలో పుట్టిన చేపకు ఈత రాకపోవడమే. ఇక్కడ టాక్సీ తోలేవాడు కూడా వెనక సీటువాళ్ళ పాటకు గొంతు కలిపేస్తాడు. అలాంటి ఊళ్ళో దేవుడు టెయ్‌బోర్‌కి చెవులిచ్చాడు, గుండె ఇచ్చాడు, గొంతు దగ్గరికొచ్చేసరికి సరుకు లేదన్నాడు. ఆ లోటు పూడ్చడానికి కాబోలు, ఊపిరితిత్తులు మాత్రం ఇద్దరికి సరిపడా పెట్టాడు.

బడా బజారులో పంది మాంసం కొట్టు అతనిది. యాభై దాటాయి, పెళ్ళి లేదు. అందరికీ బా టెయ్‌బోర్, అంటే టెయ్‌బోరన్న. నేను ఈ ఊళ్ళో ఏళ్ళ తరబడి సౌండు బాక్సులు అద్దెకిచ్చి బతుకుతున్న తెలుగువాణ్ణి కనక, అతని స్వరం నా పాలిట జ్వరం.

అతని ప్రాణమంతా 'తడి మేజోళ్ళు' అనే బ్యాండు మీద. సినిమా వాసన తగలకుండా సొంతంగా రాసి, సొంతంగా కట్టుకున్న పాటలు వాళ్ళవి. పాడేది దారిశా, డ్రమ్ములు కొట్టేది కిట్‌బోక్, గిటార్లకు ఇంకో ఇద్దరు. మొదట్లో కారు షెడ్డులో వాయిస్తే వినడానికి ముగ్గురమే వచ్చాం. ఒకడు టెయ్‌బోర్. రెండోది పక్కింటి కుక్క. మూడోవాణ్ణి నేను, అదీ బాక్సులు తిరిగి పట్టుకుపోవాలి కనక. ఆ తర్వాత జొవాయిలో వాయించినా, తురాలో వాయించినా, గువాహటిలో వాయించినా ముందు వరసలో టెయ్‌బోరే. పల్లవి వాళ్ళది, చరణాలు ఇతనివి.

వాళ్ళ 'పొయ్యి పొగ' పాటలో రెండుచోట్ల వాయిద్యాలన్నీ ఠక్కున ఆగుతాయి. ఒక్క ఊపిరి మౌనం, మళ్ళీ డ్రమ్ము దెబ్బ. ఆ మౌనంలో టెయ్‌బోర్ "హోయ్" అని కేక పెట్టేవాడు. ప్రతిసారీ పెట్టేవాడు, ప్రతిసారీ ఆలస్యంగా పెట్టేవాడు, కిట్‌బోక్ చెయ్యి తడబడేది. అతను అడుగుపెడితే లయ కాస్తా ప్రళయం.

ఒక వానాకాలం వాళ్ళు జనం ముందు వాయించి, ఆ వాయింపునే రికార్డుగా తేవాలనుకున్నారు. ఆ కబురు విన్ననాటి నుంచి టెయ్‌బోర్ మాంసం కొనే ప్రతివాళ్ళకూ తన కేక రికార్డులోకి ఎక్కుతోందని చెప్పాడు. ఈ కొండల్లో ఇంటిపేరు ఎలాగూ ఆడవాళ్ళ వైపు నుంచే వస్తుంది. ఇక తన పేరున లోకంలో మిగిలేది ఆ కేకేనట. కొట్టు వెనక సాధన కూడా చేశాడు. కోసేటప్పుడు పందులే ఇంతకంటే శ్రుతిలో అరుస్తాయని పక్క కొట్టావిడ అంది.

దారిశా వంటింట్లో ఎర్ర టీ తాగుతూ అంతా తలలు పట్టుకున్నారు. రావద్దంటే ఊరు ఊరుకోదు, రమ్మంటే రికార్డు ఉండదు. చివరికి దారిశాకే ఉపాయం తట్టింది. టెయ్‌బోర్‌ని పిలిపించి, ఎర్ర నాడా కట్టిన కార్డొకటి మెళ్ళో వేసింది.

"మీకంటే పాతవాళ్ళు మాకెవరున్నారు బా? హాలు నిండా జనం, జనం నిండా గొడుగులు. గుమ్మం దగ్గర వాటిని మీరే చూసుకోవాలి, ఒక్కటి మారినా పరువు పోతుంది. మిమ్మల్ని తప్ప నేనెవర్నీ నమ్మను."

టెయ్‌బోర్ కార్డును చొక్కాకి తుడుచుకున్నాడు. "మరి 'పొయ్యి పొగ' వేళకి?"

"లోపలికొచ్చెయ్యండి. కార్డుందిగా."

కిట్‌బోక్ వక్కాకు ఉమ్మడానికన్నట్టు బయటికెళ్ళి, నవ్వుకుని వచ్చాడు. నేను ఉండబట్టలేక "ఛత్రపతి" అన్నాను. అర్థం అడిగి చెప్పించుకుని, గొడుగులకు అధిపతి అంటే రాజేనని టెయ్‌బోర్ ఇంకా పొంగిపోయాడు.

శనివారం మధ్యాహ్నం వాన దంచుతుండగా హాలు నిండింది. టెయ్‌బోర్ కొత్త కోటు తొడుక్కుని, హాలు తలుపు బయట నిలబడి ప్రతి గొడుగుకీ ఒక రంగు గుడ్డపీలిక కట్టి, దాని జతను మనిషి చేతిలో పెట్టాడు. శబ్దం సరిచేసే నా మీటల బల్ల లోపల, ఆ తలుపు పక్కనే. తలుపుకి చిన్న అద్దం. 'పొయ్యి పొగ' ముందు కిట్‌బోక్ సైగ చేశాడు, తలుపు దగ్గరి మనిషి గడియ పెట్టాడు. తాళం తప్పేవాడికి తాళం వేశారు. టెయ్‌బోర్ వచ్చి నెట్టి చూశాడు. కార్డెత్తి అద్దానికి ఆనించాడు. లోపలి మనిషి వేదిక వైపు తిరిగి నిలబడ్డాడు.

దారిశా మైకులో అంది: "ఈ పాటకి మా బా టెయ్‌బోర్ కేక ఉండాలి. ఆయన గొడుగుల దగ్గరున్నారు. పాట ఆగినప్పుడు ఆయన బదులు మీరు కానివ్వండి. కాస్త లేటుగా, కాస్త ఘోరంగా."

పాట ఆగింది. హాలంతా ఓండ్రపెట్టింది. అద్దం అవతల టెయ్‌బోర్ ముఖం వెలిగింది, తన కేకేనని పోల్చుకున్నాడు. ఆ వెనకే నవ్వులు పుట్టాయి. కడుపులు పట్టుకుని, ఒకళ్ళ భుజం మీద ఒకళ్ళు పడి నవ్వారు. నేనూ నవ్వాను. పాట రెండోసారి ఆగినప్పుడు టెయ్‌బోర్ నోరు తెరవడం చూశాను. జన్మలో మొదటిసారి, సరిగ్గా పడాల్సిన చోట. ఆ కేకకి నా బల్ల మీద శబ్దం కొలిచే ముల్లు ఒక్కటీ కదల్లేదు.

అయిపోయాక ఎవరి గొడుగు వాళ్ళకు అందించాడు. తీసుకున్న ప్రతివాడూ అతని ముఖం మీదే "హోయ్" అని వెళ్ళాడు. ఒక్క గొడుగూ మారలేదు. చివర దారిశా పరుగున వచ్చింది.

"విన్నారా బా? రికార్డులో ఉన్నారు మీరు!"

టెయ్‌బోర్ ఆమె గొడుగు నీళ్ళు విదిల్చి, విప్పి చేతికిచ్చాడు. "మా చర్చిలో కూడా పాడేవాళ్ళలోంచి తీసి నన్ను గొడుగుల దగ్గరే పెట్టారమ్మా. కాకపోతే వాళ్ళు తలుపు తీసి ఉంచారు."

దారిశా కిట్‌బోక్ వైపు చూసింది. కిట్‌బోక్ తన గొడుగేదని అడిగాడు.

రికార్డులో పాటలకంటే ఆ కేకే ఎక్కువ పేరు తెచ్చుకుంది. తర్వాతి కచేరీకి టెయ్‌బోర్ టికెట్టు కొనుక్కుని ముందు వరసలో నిలబడ్డాడు. పాట ఆగింది, అందరూ అరిచారు, అతను అరవలేదు. పక్కనున్న కాలేజీ పిల్ల, బ్యాండు బొమ్మ చొక్కా వేసుకున్నది, మోచేత్తో పొడిచింది.

"ఇక్కడ అరవాలి బా. మొదటిసారా?"

"అవునమ్మా."

ఆ పిల్ల మంచిది. పాట రెండోసారి ఆగేలోపు అతని చెవి దగ్గర నోరుపెట్టి, ఎంత లేటుగా అరవాలో, గొంతు ఎక్కడ చెడగొట్టాలో ఓపిగ్గా నేర్పింది.