రెండో పడవలో ఉందనుకున్నాం

సరుగుడు చెట్ల వెనక నుంచి కండక్టరమ్మ చొక్కా సర్దుకుంటూ వచ్చేసరికి ఒడ్డు ఖాళీగా ఉంది. ఇసుకలో పిల్లలు తవ్విన గొయ్యి ఉంది, మరదలు తాగి పారేసిన కొబ్బరిబొండం ఉంది, మనుషులు మాత్రం లేరు. రెండు తెరచాప పడవలూ లంగరెత్తి, గాలికి ఓ పక్కకి ఒరిగి, దర్జాగా పోతున్నాయి. అప్పటికే అగ్గిపెట్టెలంత అయిపోయాయి.

కండక్టరమ్మ ముందు నవ్వింది. ఏదో వేళాకోళం, ఇప్పుడో ఇంకాసేపటికో వెనక్కి తిరుగుతారు అనుకుంది. తిరగలేదు. రెండు వేళ్ళు నోట్లో పెట్టుకుని ఈల వేసింది. ముప్పై మూడేళ్ళు బస్సులో కండక్టరు. ఆ ఈల వింటే డ్రైవరు కాలు దానంతటదే బ్రేకు మీదికి పోయేది. పడవలకి బ్రేకుల్లేవు.

అప్పుడు మొదలైంది కోపం. అరికాలి దగ్గర మొదలై నెత్తికెక్కింది.

ఒకసారి టీ కోసం బస్సాపినచోట ఓ ముసలాయన ఉండిపోతే, ఏడు కిలోమీటర్లు పోయాక తల తక్కువని లెక్క తేలి, డ్రైవరు గొణుగుతున్నా, ప్రయాణికులు తిడుతున్నా బస్సు వెనక్కి తిప్పించిన మనిషి ఆవిడ. అలాంటిదాన్ని సొంత తమ్ముడు, సొంత చెల్లెలు సముద్రం మధ్య ఈ ఇసుక దిబ్బ మీద వదిలేసి పోయారు!

పక్కనున్న పెద్ద ద్వీపానికి వారం రోజుల సెలవులకి వచ్చారు. తమ్ముడి కుటుంబానికో పడవ, చెల్లెలి కుటుంబానికో పడవ అద్దెకి తీసుకున్నారు. "నువ్వు లేకపోతే మాకేం తోచదక్కా, నువ్వు రావాల్సిందే" అని ఇద్దరూ బతిమాలారు. ఎందుకు తోచదో మొదటిరోజే తెలిసింది. పడవలో వంటగది బీరువాలో సగం ఉంటుంది. నిలబడితే తల తగులుతుంది, కెరటం వస్తే గిన్నె ఒళ్ళో పడుతుంది. పొద్దున్న తమ్ముడి పడవలో వంట, తర్వాత చిన్న రబ్బరు పడవెక్కి చెల్లెలి పడవలోకి పోయి అక్కడ వంట. మధ్యాహ్నం మళ్ళీ ఇటు. ఆవిడ ఎప్పుడు ఏ పడవలో ఉంటుందో ఆవిడకే తెలియాలి. ఆవేళ పొద్దున్న పడవలో మరుగుదొడ్డి పంపు బిగుసుకుపోయింది కాబట్టి చెట్ల వెనక్కి వెళ్ళాల్సొచ్చింది. వెళ్ళింది పది నిమిషాలు.

ఫోను తమ్ముడి పడవలో చార్జింగుకి పెట్టి ఉంది. నీళ్ళ సీసా కూడా అందులోనే. ఖాకీ చొక్కా జేబులో ఉన్నవి ఒక రుమాలు, పొయ్యి వెలిగించే లైటరు. రెండు పడవలకీ అదొక్కటే లైటరు. పిల్లల చేతికి అందకూడదని తన దగ్గరే పెట్టుకుంది.

ఆవిడ నీడలో కూర్చోలేదు. కూర్చుంటే ఏడుపొస్తుందని భయం. దిబ్బ ఈ కొస నుంచి ఆ కొసకి కాలు కాలిన పిల్లిలా తిరుగుతూ, ఒక్కొక్కరినీ పేరుపేరునా తిట్టింది. మరిదిని కాస్త తక్కువ తిట్టింది. అతను ఎలాగూ భార్య చెప్పింది తప్ప ఏమీ చూడడు.

మధ్యాహ్నం పన్నెండు దాటాక ఓ మరపడవ డగడగమంటూ వచ్చింది. నిండా ఐసుపెట్టెలు, మంచినీళ్ళ డబ్బాలు. ఖాడీల్లో, అంటే ద్వీపం లోపలికి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయల్లో ఆగిన అద్దె పడవలకి ఐసు అమ్ముకునే ఆవిడది. యాభై ఏళ్ళుంటాయేమో, చేతులు మాత్రం పడవ మోకుల్లా ఉన్నాయి.

"ఏంటక్కా, ఒక్కదానివే ఉన్నావు?"

"అక్కా అనకు! ఆ పిలుపు వింటే ఒళ్ళు మండిపోతోంది!"

ఐసావిడ బెదరలేదు. నీళ్ళ సీసా అందించింది. "సరే, మరేమనాలి?"

"కండక్టర్ అను."

నీళ్ళు తాగి, పడవెక్కి, జరిగిందంతా చెప్పింది. ఐసావిడ వెంటనే వైర్‌లెస్ మైకు అందుకుంది. కండక్టరమ్మ ఆ చెయ్యి పట్టుకుంది.

"ఆగు. నాకోసం ఎవరైనా అడిగారా ఇందులో?"

"పొద్దుట్నుంచీ ఆన్‌లోనే ఉంది. ఎవరూ అడగలేదు."

పది గంటలకి వదిలేశారు. ఇప్పుడు పన్నెండున్నర. తల కొట్టేసినట్టయింది ఆవిడకి.

"అయితే అడిగేదాకా చెప్పకు."

"వెతకడానికి మనుషుల్ని పంపిస్తే నా పీకకి చుట్టుకుంటుంది, కండక్టర్."

"పంపించనివ్వను. అడిగిన మరుక్షణం నేనే చెప్తాను. ఎప్పటికి అడుగుతారో నేను చూడాలి."

ఐసావిడ ఆ మొహం చూసి మైకు కిందపెట్టింది. ఇంజను తిప్పింది.

ఊరికే కూర్చోవడం చేతకాదు కదా, కండక్టరమ్మ కూడా పనిలోకి దిగింది. ఐసుదిమ్మల మీద గోనెపట్టా తీసి, పట్టకారుతో దిమ్మ పట్టి, పక్క పడవలో ఉన్నవాళ్ళకి అందించింది. మూడో ఖాడీకి వచ్చేసరికి "ఐస్, ఐస్, నీళ్ళూ ఐసూ!" అని కేక కూడా ఆవిడదే. ఆ గొంతుకి పడవల్లో నిద్రపోతున్నవాళ్ళు లేచి కూర్చున్నారు. "ఈ గొంతు ఇన్నాళ్ళూ ఏమైపోయింది?" అని ఐసావిడ పగలబడి నవ్వింది. కండక్టరమ్మ నవ్వలేదు. చెవి వైర్‌లెస్ మీదే ఉంది.

రెండున్నరకి అది గరగరమంది. తమ్ముడి గొంతు.

"బోట్ల ఆఫీసా? మా... మా అక్క కనపడ్డం లేదండీ."

"వయసెంతండీ?" అన్నాడు ఆఫీసతను.

"అరవై... నాలుగు ఉంటాయేమో."

మధ్యలో చెల్లెలు దూరింది. "కాదండీ, యాభై తొమ్మిది!"

"ఏం రంగు బట్టలు వేసుకున్నారు?"

"నీలం," అన్నాడు తమ్ముడు.

"ఆకుపచ్చండీ," అంది చెల్లెలు.

"ఆఖరిసారి ఎప్పుడు చూశారు?"

వైర్‌లెస్‌లో నువ్వు చూశావా, నువ్వు చూశావా అని ఒకరినొకరు అడుక్కోవడం వినపడింది. చివరికి చెల్లెలు, "పొద్దున్న టీ ఇచ్చిందండీ," అంది.

ఐసావిడ మైకు చేతికిచ్చి, నొక్కాల్సిన బొత్తాం చూపించింది.

"అరవై ఒకటి," అంది కండక్టరమ్మ. "ఖాకీ చొక్కా. వారం రోజులకీ ఖాకీ చొక్కాలే తెచ్చుకున్నాను. టీ ఇచ్చింది నిజమే, ఎనిమిది కప్పులు. ఆఫీసువారూ, మనిషి దొరికింది, ఎవర్నీ పంపకండి. ఐసు పడవలో ఉన్నాను. రేవుకొస్తున్నాను."

"అక్కా!" అని రెండు గొంతులు ఒక్కసారే అరిచాయి. ఆవిడ మైకు పెట్టేసింది.

రేవులో అందరూ వరసగా నిలబడి ఉన్నారు. చెల్లెలు ఏడుస్తూ మీద పడబోయింది. కండక్టరమ్మ అరచెయ్యి అడ్డం పెట్టింది.

"వాళ్ళ పడవలో ఉన్నావనుకున్నామక్కా," అన్నాడు తమ్ముడు.

"మేమూ అంతే, అన్నయ్య పడవలో..."

"నాలుగున్నర గంటలు అనుకుంటూనే ఉన్నారా? మరి లేనని ఎలా తెలిసింది?"

మరదలు చున్నీ కొస నలుపుతూ ఆకాశంలోకి చూసింది. ఇలాంటప్పుడే నిజం చెప్పే అలవాటున్న మరిది నోరు తెరిచాడు.

"టీ పెట్టుకుందామని లైటరు వెతికాం వదినగారూ. అది మీ దగ్గరుందని..."

చెల్లెలు అతని కాలు తొక్కింది. ఆలస్యమైపోయింది.

కండక్టరమ్మ జేబులోంచి లైటరు తీసి తమ్ముడి చేతిలో పెట్టింది. "ఇదిగో, మీకు కావలసింది దొరికింది. ఇక వెళ్ళండి."

"అదేంటక్కా, పొరపాటైపోయింది. నవ్వేసి ఊరుకోవాలిగానీ..."

"నవ్వాలా?" ఆవిడ గొంతుకి రేవులో వలలు సర్దుకునేవాళ్ళు కూడా తలెత్తారు. "నా రిటైర్మెంటు రోజు డిపోలో ముందు వరసలో రెండు కుర్చీలు వేయించాను. నా వాళ్ళొస్తారని అందరికీ చెప్పుకున్నాను. మేనేజరు పది నిమిషాలు సభ ఆపాడు, నా వాళ్ళ కోసం. చెల్లి వెళ్తుందనుకున్నావు నువ్వు. అన్నయ్య వెళ్తాడనుకుంది ఇది. ఆ దండ మెడలో వేసుకుని బస్సెక్కి ఒక్కదాన్నే ఇంటికొచ్చాను. ఆవేళ నవ్వేశాను. అదే నేను చేసిన తప్పు!"

ఆవిడే పడవలోకి వెళ్ళి, తన సంచీ, ఫోను, బీపీ మాత్రలు తెచ్చుకుంది. ఐసావిడకి గోదాము మీద ఒక గది ఉంది. కింద ఐసు మర గిర్రుమంటూనే ఉంటుంది, గోడలు చల్లగా చెమ్మగా ఉంటాయి. కండక్టరమ్మ అక్కడే దిగింది.

మిగిలిన మూడు రోజులూ ఐసు పడవలోనే తిరిగింది. రెండోరోజు ఓ ఖాడీలో తమవాళ్ళ పడవలు కనిపించాయి. ఐసావిడ ఇంజను తగ్గించి ఆవిడ వంక చూసింది. "పద, వాళ్ళూ బేరమే," అంది కండక్టరమ్మ. మాడిన అన్నం వాసన అల్లంత దూరానికే తగిలింది. చెల్లెలు బేసిన్ పట్టుకుని, "బానే ఉన్నావా అక్కా?" అంది. కండక్టరమ్మ బేసిన్‌లో దిమ్మ పెట్టి, "మూత పెట్టుకోండి, కరిగిపోతుంది," అంది. అందరు గిరాకీలకీ చెప్పే మాటే. జాలి కలిగింది, కాదనలేం. కోపం మాత్రం ఆ జాలిని పక్కకి నెట్టి కూర్చుంది.

వెళ్ళేరోజు తమ్ముడు గోదాము మెట్లెక్కి వచ్చాడు.

"ఫెర్రీ టైమైందక్కా."

"వెళ్ళండి. నేను ఎల్లుండి బయల్దేరతా. ఈవిడకి కొత్త మర బిగిస్తున్నారు, సాయం ఉండాలి."

అతను గుమ్మంలో నిలబడిపోయాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "ఇంకా కోపంగా ఉందా?"

"ఉంది."

"ఎన్నాళ్ళుంటుంది?"

"నాకేం తెలుసు? ఇన్నేళ్ళూ రానివ్వలేదు. ఇప్పుడొచ్చింది, ఉండనీ."

తమ్ముడు చెప్పులు వేసుకుని మెట్లు దిగాడు. కింద ఐసావిడ దిమ్మలు పగలగొడుతూ కేకేసింది, "కండక్టర్, గోనెపట్టాలు!" ఆవిడ తడి పట్టాలు భుజాన వేసుకుని కిందికి దిగింది.